కుక్క మెట్టు దగ్గర ఆగిందంటే అది వయసు కాదు

"ముసలిదైంది కదండీ, అందుకే నెమ్మదించింది." ఈ మాట విన్నప్పుడల్లా నాకు ప్రాణం చివుక్కుమంటుంది. ఎందుకంటే ఏడాది పాటు నేనూ ఇదే మాట అన్నాను.

(క్లిప్: మెట్ల ముందు నిలబడిన కుక్క)

వీడు మా చంటి. అప్పటికి పదకొండేళ్లు. లోపలికి రావాలంటే మూడు మెట్లు. చిన్నప్పుడు మూడూ ఒక్క గెంతులో దాటేవాడు. ఇప్పుడు చూడండి, కిందే ఆగాడు. మెట్టు వైపు చూశాడు, నా వైపు చూశాడు. ముందుకాలు పెట్టి, మళ్లీ తీసేశాడు. ఆ తర్వాత ఎక్కాడు, వెనక కాళ్లు రెండూ ఒకేసారి ఎత్తి కుందేలులా. అంతా కలిపి నాలుగు సెకన్లు. ఈ నాలుగు సెకన్ల గురించే నా బాధంతా.

వయసొస్తే మూతి నెరుస్తుంది, నిద్ర ఎక్కువవుతుంది. సరే. కానీ రోజూ ఎక్కే మెట్టు ముందు తటపటాయిస్తోందంటే ముందు నొప్పినే అనుమానించాలి. కీళ్లలో ఎముకల చివర మెత్తగా ఉండే మృదులాస్థి అరిగిపోతుంది, వాపు వస్తుంది. అదే ఆస్టియో ఆర్థ్రైటిస్.

"నొప్పి ఉంటే అరుస్తుంది కదా?" అంటారు. ఇక్కడే అందరం పొరబడతాం. తోక తలుపులో పడితే అరుస్తుంది. రోజూ ఉండే నొప్పికి చాలా కుక్కలు అరవవు, ఆ పని మానేస్తాయంతే. సోఫా ఎక్కడం మానేస్తుంది. ఒళ్లు విదిలించుకోవడం తగ్గిస్తుంది. ఒకే కీలు దగ్గర నాకుతూ కూర్చుంటుంది. మనమేమో "అల్లరి తగ్గింది, బుద్ధిగా ఉంటోంది" అని సంతోషిస్తాం.

మళ్లీ మెట్టు దగ్గరికే వద్దాం. ఒంట్లో ఉన్న ప్రతి అదనపు కిలోనూ ఆ అరిగిన కీళ్లే పైకి మోయాలి. అందుకే మందు కన్నా ముందు బరువు. 48 లాబ్రడార్ కుక్కలను పిల్లలుగా ఉన్నప్పటి నుంచి పోయేవరకు గమనించిన అధ్యయనం ఒకటి 2002లో వచ్చింది. సగం కుక్కలకు 25 శాతం తక్కువ తిండి పెట్టారు. అవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల జబ్బుకు చికిత్స కూడా వాటికి ఆలస్యంగానే అవసరమైంది. గిన్నెలో తిండి తగ్గించడం ప్రేమ తగ్గించడం కాదు, దయచేసి నమ్మండి. పక్కటెముకల మీద చెయ్యి వేస్తే, గట్టిగా నొక్కకుండానే ఎముకలు తగలాలి.

ఇక మెట్టు కింద నేల. నున్నటి టైల్స్ మీద వెనక కాళ్లు పక్కలకు జారిపోతుంటే ఏ కుక్కకైనా ఎక్కే ధైర్యం ఉండదు. నడిచే దారంతా జారని పట్టాలు పరవండి. గోళ్లు కత్తిరించండి, పెరిగిన గోళ్లతో పట్టు దొరకదు. ఒకే పెద్ద వాకింగ్ కాకుండా రెండు మూడు చిన్నవి చేయండి. నడక మాత్రం ఆపేయకండి, కండ కరిగితే కీలు ఇంకా బలహీనపడుతుంది.

నొప్పి మాత్రల సంగతి. మనుషులవి వెయ్యొద్దు. ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేస్తుంది, కిడ్నీలు పాడు చేస్తుంది. పారాసెటమాల్ కూడా సొంతంగా వెయ్యకూడదు. కుక్కలకు వేరే మందులున్నాయి, వెట్, అంటే పశువైద్యులు, రక్తపరీక్ష చూసి రాస్తారు.

అయితే ఆగిన ప్రతిసారీ కీలే అనుకోకండి. సాయంత్రం వెలుతురు తగ్గాకే ఆగుతోందా? కళ్లు చూపించండి. కంట్లో నీలిపొర లాంటిది వయసుతో వస్తుంది, దానితో చూపు పెద్దగా పోదు. పాలలా తెల్లగా ఉంటే శుక్లం కావచ్చు. రెండు మెట్లకే రొప్పుతోందా? నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టండి. తరచూ 30 దాటుతుంటే ఆలస్యం చెయ్యకండి. మెట్టు ఎదురుగా ఉన్నా గోడ మూలకి వెళ్లి నిలబడుతోందా, రాత్రంతా తిరుగుతోందా? అది మతిమరుపు జబ్బు కావచ్చు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. నీళ్లు: పది కిలోల కుక్క రోజుకు లీటరు దాటి తాగుతుంటే కిడ్నీ, షుగర్ పరీక్షలు చేయించండి. ప్రోటీన్: ముసలిదని తగ్గించకండి, కిడ్నీ జబ్బు ఉండి వెట్ చెబితేనే తగ్గించాలి. పళ్లు: నోటి వాసన మామూలు విషయం కాదు, చూపించండి. చెకప్: ఆరు నెలలకోసారి.

ఆఖరిది, నేను ఆలస్యంగా నేర్చుకున్నది. ఆస్పత్రిలో అడుగుపెట్టగానే బెదురుకి కుక్క చక్కగా నడిచేస్తుంది, కుంటు కనబడదు. అందుకే ఇంట్లోనే ఫోన్‌తో వీడియో తీయండి. పిలవకండి, బిస్కెట్ చూపించకండి. మెట్టు కింద నిలబెట్టి, అదే ఎక్కేదాకా రికార్డ్ చేసి, అది వెట్‌కి చూపించండి. చంటి మందు మొదలైంది ఈ క్లిప్ చూపించాకే.