ఒకే వారంలో రెండు శంకుస్థాపనలు: కొలంబో, మద్రాసు సముద్రపు గోడలు

[తెరపై: బంగాళాఖాతం, శ్రీలంక మ్యాపు. కొలంబో, మద్రాసుల మీద ఎర్ర చుక్కలు.]

1875 డిసెంబర్ 8. విక్టోరియా రాణి పెద్ద కొడుకు, అప్పటి వేల్స్ యువరాజు, కొలంబోలో రేవును అలల నుంచి కాపాడే సముద్రపు గోడకు మొదటి దిమ్మ వేశాడు. సరిగ్గా వారానికి, 15వ తేదీన, మద్రాసులో ఇంకో గోడకు శంకుస్థాపన చేశాడు. పదేళ్లు గడిచేసరికి కొలంబో గోడ పూర్తయింది. మద్రాసు గోడ అప్పటికే ఒకసారి కూలిపోయింది. ముహూర్తం తేడా అయితే కాదు కదా!

[పాత చిత్రం: అలల మీద మసూలా పడవ]

మద్రాసుకు సహజమైన రేవు లేదు. ఓడలు దూరంగా లంగరు వేసేవి. అక్కడి నుంచి ఒడ్డుకు మనుషులూ సరుకూ మసూలా పడవల్లో రావాలి. ఒక్క మేకు కూడా లేకుండా కొబ్బరి పీచు తాళ్లతో కుట్టిన పలకల పడవలవి. 1861లో సముద్రంలోకి ఇనుప పియర్, అంటే ఒడ్డు నుంచి నీళ్ల మీదుగా సాగే వంతెన లాంటిది, కట్టారు. సరుకు దించడం కాస్త సులువైంది గానీ, గాలివాన వస్తే ఓడకు తలదాచుకునే చోటు మాత్రం లేదు. లంగరు ఎత్తి నడిసముద్రంలోకి పోవాల్సిందే.

అందుకే విలియం పార్క్స్‌ను పిలిచారు. కరాచీలో మనోరా దగ్గర అలల అడ్డుగోడ కట్టించిన ఇంజినీర్ ఈయన. మద్రాసుకు ఆయన ఇచ్చిన ప్లాన్ చూడండి.

[యానిమేషన్: తీరం నుంచి రెండు గోడలు సముద్రంలోకి పెరుగుతాయి, చివర ఒకదాని వైపు ఒకటి వంగుతాయి]

పియర్‌కు అటూ ఇటూ చాచిన చేతుల్లా రెండు గోడలు. మధ్య దూరం సుమారు వెయ్యి గజాలు. ఓడలు వచ్చే దారి నేరుగా తూర్పుకి, అంటే అలలు వచ్చే వైపుకే. దీని సంగతి తర్వాత చెప్తాను.

ఇప్పుడు డబ్బు. నేల మీద పనికి ఎస్టిమేట్ వేయడం తెలిసిన విద్యే. సముద్రంలో అలా కాదు. మొత్తం పనికి ఒకే ధర అని టెండర్ పిలిస్తే, కాంట్రాక్టరు తుఫాను భయాన్ని కూడా ధరలో కలిపేస్తాడు. తుఫాను రాకపోతే ఆ సొమ్ము అతని లాభం. వస్తే అతను దివాలా తీస్తాడు, సగం గోడ సర్కారు నెత్తిన పడుతుంది. పోనీ టన్నుకు ఇంత అని రేటు కడదామా? నీళ్లలో పోసిన రాయి ఇసుకలోకి దిగిపోతుంది, కొంత అలలకు కొట్టుకుపోతుంది. బిల్లు దేనికి కట్టాలి? క్వారీలో తూకం వేసిన రాయికా, అడుగున నిలబడ్డ గుట్టకా? వాటిలో ఏది కొలత అన్నది ఒప్పందంలో ముందే రాసుకోకపోతే గొడవ కోర్టుకెక్కుతుంది.

ఇంకో చిక్కు యంత్రాలది. టన్నుల కొద్దీ బరువుండే కాంక్రీటు దిమ్మల్ని పేర్చాలంటే టైటాన్ క్రేన్ కావాలి. కట్టిన గోడ మీదే పట్టాలేసి, ఆ పట్టాల మీద ముందుకు కదులుతూ, చెయ్యి చాపి తర్వాతి దిమ్మను నీళ్లలో దించే క్రేన్ అది. అంత ఖరీదైన యంత్రానికి ఈ పని అయ్యాక గిరాకీ ఎక్కడుంటుంది? దాని ఖర్చంతా ఈ ఒక్క గోడే మోయాలి.

[పాత ఫోటో: కొలంబో గోడ అంచున టైటాన్ క్రేన్]

కొలంబోలో ఈ తలనొప్పి వద్దనుకుని ప్రభుత్వమే సొంతంగా పని చేయించింది. రూపకల్పన ఇంజినీర్ సర్ జాన్ కూడ్‌ది. రాయి మహారా క్వారీ నుంచి వచ్చింది, కొట్టింది ఖైదీలు. లెక్కల్లో కూలి తక్కువగా కనిపించడానికి అదొక కారణం. ఆ పొదుపును తెలివి అని మెచ్చుకోవడానికి నాకైతే మనసొప్పదు. కానీ పని క్రమం మాత్రం మెచ్చుకోవాల్సిందే. నైరుతి ఋతుపవనాల నెలల్లో సముద్రం మీదికి పోలేరు కాబట్టి, అప్పుడు ఒడ్డున దిమ్మలు పోసి నిల్వ చేసేవారు. సముద్రం శాంతించాక వాటిని పేర్చేవారు. అడుగున పోసిన రాళ్ల గుట్టను వెంటనే నమ్మలేదు. అది అణిగి కుదుటపడ్డాకే పైన దిమ్మలు పెట్టారు. దిమ్మల్ని ఏటవాలుగా పేర్చారు, ఒక వరుస కొంచెం కుంగినా పక్క వరుస చీలదు. 1885కి 4,212 అడుగుల గోడ పూర్తయింది. ఖర్చు సుమారు 7 లక్షల పౌండ్లు.

మద్రాసు గోడలో రెండు వరుసల దిమ్మలు పక్కపక్కన నిలబడ్డాయి. ఒకదానితో ఒకటి కట్టుబడి లేవు. 1881 నవంబర్ 12న తుఫాను వచ్చింది. పని దాదాపు ముగింపుకు వచ్చిన సమయమది.

[శబ్దం: గాలి, అలలు. యానిమేషన్: దిమ్మలు ఒక్కొక్కటిగా లోపలికి ఒరుగుతాయి]

అలలు గోడను కొట్టి వెనక్కి మళ్లినప్పుడు కిందున్న రాళ్ల గుట్టను కోసేశాయి. కాళ్ల కింద నేల పోయాక దిమ్మలు ఎంత బరువుంటే ఏం లాభం? చాలా దూరం మేర గోడ పోయింది, క్రేన్లు సముద్రం పాలయ్యాయి.

ఇక్కడ కొలంబోను మరీ ఆకాశానికెత్తడం కూడా న్యాయం కాదు. కొలంబో భూమధ్యరేఖకు బాగా దగ్గర, తుఫానులు అరుదు. మద్రాసు వాటికి ఎదురుగా కూర్చుంది. అదే గోడ కొలంబోలో కడితే నిలిచేదేమో.

మళ్లీ కట్టినప్పుడు సముద్రం వైపు పెద్ద దిమ్మల్ని అడ్డదిడ్డంగా పడేశారు. అల వాటి మీద విరిగి, గోడను తాకేసరికి బలం తగ్గుతుంది. పని 1890ల దాకా సాగింది. ఈలోగా 1886లో రేవును నడిపే సంస్థ, మద్రాసు హార్బర్ ట్రస్టు, ఏర్పడింది.

[మ్యాపు: దక్షిణాన ఇసుక మేట పెరుగుతుంది, ఉత్తరాన తీరం వెనక్కి జరుగుతుంది]

ఇసుక సంగతి ఇంకా మిగిలింది. ఈ తీరం వెంబడి ఏడాది మొత్తం మీద చూస్తే ఇసుక ఉత్తరానికే ఎక్కువ కదులుతుంది. గోడ దాన్ని ఆపేసింది. దక్షిణాన మెరీనా బీచ్ వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు తీరం కోతకు గురైంది. ఇంటి స్థలాలు, చేపల పడవలు పోగొట్టుకున్నవాళ్లకు గోడ ఖర్చు లెక్కల్లో ఏ పద్దూ లేదు.

తూర్పు ద్వారం గొడవ 1904లో ఫ్రాన్సిస్ స్ప్రింగ్ ట్రస్టు ఛైర్మన్ అయ్యాక తేలింది. ఆయన హయాంలో తూర్పు దారి మూసేసి, ఈశాన్యాన కొత్త దారి తెరిచి, దాన్ని కాపాడేలా గోడను పొడిగించారు. అంటే పార్క్స్ గీసిన ప్లాన్‌లో ఓడలు లోపలికి వచ్చే చోటే మారిపోయింది.