హెరాక్లిటస్ ముక్కలకు ఆ వరుస ఎలా వచ్చింది?

హోస్ట్: నమస్కారం. ప్రాచీన గ్రీకు తత్త్వశాస్త్రంలో పరిశోధన ఎలా అచ్చవుతుంది, దేన్ని ఎవరు అచ్చువేస్తారు అన్నది ఈరోజు మన విషయం. ఈ రంగంలో పరిశోధన చేస్తూ, పత్రికలకు వచ్చే వ్యాసాలను పరిశీలించే అతిథి మనతో ఉన్నారు. ముందుగా ఒక చిన్న సందేహం అండీ. ప్లేటో మీద ఏ వ్యాసం తెరిచినా 'రిపబ్లిక్ 327ఎ' లాంటి నంబర్లు కనిపిస్తాయి. అవి ఎక్కడివి?

అతిథి: 1578లో జెనీవాలో హెన్రీ ఎస్టియెన్ ప్లేటో రచనలు అచ్చువేశారు. లాటిన్‌లో ఆయన పేరు స్టెఫానస్. ఆ సంపుటాల పేజీ నంబర్లే ఇవి. అరిస్టాటిల్‌కైతే 1831లో బెర్లిన్‌లో వచ్చిన బెకర్ ముద్రణ. ఏ భాషలో చదివినా, ఏ అనువాదం పట్టుకున్నా అందరం ఒకే చోటికి చేరతాం. అక్కడ పేచీ లేదు. పేచీ అంతా, అసలు పేజీలే మిగలని వాళ్లతో.

హోస్ట్: అంటే సోక్రటీస్‌కు ముందటి గ్రీకు తత్త్వవేత్తలు.

అతిథి: అవును. హెరాక్లిటస్‌నే తీసుకోండి. ఆయన పుస్తకం పోయింది. తర్వాతివాళ్లు ఉటంకించిన ముక్కలే మనకు మిగిలాయి. 1903లో హెర్మన్ డీల్స్ వాటన్నిటినీ ఒకచోట చేర్చి నంబర్లు ఇచ్చారు. ఇప్పటికీ ఆ నంబర్లే వాడుతున్నాం. మొదటి రెండు ముక్కలు దాటాక, దాదాపుగా అన్నిటికీ ఆయన పెట్టిన వరుస ఏమిటో తెలుసా? ఆ మాటను ఉటంకించిన రచయిత పేరు. అక్షరక్రమం.

హోస్ట్: విషయం ప్రకారం కాదా?

అతిథి: కాదు. నది గురించిన మాటలు చూడండి. ఒకటి ఏరియస్ డిడిమస్ ద్వారా వచ్చింది కాబట్టి 12వ ముక్క. ఇంకొకటి ప్లూటార్క్ చెప్పాడు కాబట్టి 91వది. ఒకే ఆలోచనకు చెందిన రెండు మాటల మధ్య ఇన్ని ముక్కల దూరం! తన ఊహను పాఠకుల మీద రుద్దకూడదన్న జాగ్రత్త ఆ వరుసలో ఉంది, నేను దాన్ని గౌరవిస్తాను. కానీ దాని ఫలితంగా హెరాక్లిటస్ అంటే పొంతన లేని సూక్తులు విసిరిన మనిషి అనే ముద్ర బలపడింది. 1979లో చార్ల్స్ కాన్ అవే ముక్కలను ఒక రచనగా చదివేలా మరో వరుసలో పెట్టారు. అది చదివితే ఒక కట్టుదిట్టమైన ఆలోచనాపరుడు కనిపిస్తాడు. అందుకే పాత పాఠాన్ని సరిచూసి అచ్చుకు సిద్ధం చేసే పరిష్కర్త పని గుమాస్తా పని కాదంటాను. ప్రతి పరిష్కరణా ఒక వాదనే.

హోస్ట్: మరి ఆ వాదన బయటికే రాకపోతే?

అతిథి: దానికి డెర్వేని పపైరస్ కథ చెప్పాలి. పపైరస్ అంటే ఆ కాలపు రెల్లు కాగితం. 1962లో థెస్సలోనికి దగ్గర డెర్వేనిలో సమాధులు బయటపడ్డాయి. అక్కడి చితి అవశేషాల్లో కాలి బొగ్గైన ఒక పపైరస్ చుట్ట దొరికింది. కాలిపోవడం వల్లే అది నిలిచింది, లేకపోతే ఆ నేలలోని తేమకు కుళ్లిపోయేది. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దపు ప్రతి. ఐరోపాలో మిగిలిన అతి పాత రాతప్రతుల్లో ఒకటి. పురాణ గాయకుడు ఆర్ఫియస్ పేరిట ఉన్న ఒక పద్యానికి ఎవరో రాసిన వ్యాఖ్యానం అందులో ఉంది. దేవతల కథల్లో సృష్టి శాస్త్రాన్ని వెతుకుతాడా వ్యాఖ్యాత. సోక్రటీస్ కాలం నాటి ఆలోచన ఎలా సాగిందో చూపే గట్టి సాక్ష్యం అది.

హోస్ట్: మరి పుస్తకంగా ఎప్పుడొచ్చింది?

అతిథి: పూర్తి అధికారిక ముద్రణ 2006లో. నలభై నాలుగేళ్లు! మధ్యలో 1982లో ఒక జర్మన్ పత్రిక చివర, సంపాదకుడి పేరు లేకుండా ఆ పాఠం అచ్చయింది. అనుమతి లేదు. అయినా ఏళ్ల తరబడి పరిశోధకులు దాని మీదే ఆధారపడ్డారు. వేరే దారి లేదు మరి. ఆ బొగ్గు పొరలను విడదీసి, ముక్కలు అతికి చదవడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ ఓపికకు దండం పెట్టాలి. కానీ ఫొటోలైనా, పని జరుగుతున్న పాఠమైనా మిగతావాళ్లకు ఇచ్చి ఉండాల్సింది. ఒక తరం పండితులు దాన్ని సరిగ్గా చూడకుండానే వెళ్లిపోయారు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

హోస్ట్: 2006 తర్వాత వివాదం ఆగిందా?

అతిథి: ఆగలేదు, అది మంచిదే. 1990 నుంచి ఉచితంగా సమీక్షలు ఇస్తున్న బ్రిన్ మావర్ క్లాసికల్ రివ్యూలో ఆ ముద్రణపై ఘాటైన సమీక్ష వచ్చింది. కొద్ది రోజుల్లో ఆ ముద్రణ సంపాదకులు అక్కడే జవాబిచ్చారు. ఎవరైనా రెండూ చదివి తేల్చుకోవచ్చు. పాఠం అందరి చేతిలో ఉంటేనే ఆ చర్చ సాధ్యం.

హోస్ట్: ఇప్పుడు పరిస్థితి మారిందా?

అతిథి: ఇటలీలోని ప్రాచీన పట్టణం హెర్క్యులేనియం చూడండి. క్రీస్తుశకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు కప్పబడిన పపైరస్ చుట్టలు అక్కడివి. 2023లో వాటి స్కాన్లను అందరికీ ఇచ్చి పోటీ పెట్టారు. చుట్ట విప్పకుండానే ముగ్గురు విద్యార్థులు గ్రీకు వరుసలు చదివి, 2024 ఫిబ్రవరిలో 7 లక్షల డాలర్ల బహుమతి గెలుచుకున్నారు. సుఖం గురించి గ్రీకు తత్త్వవేత్త ఎపిక్యురస్ ధోరణిలో సాగే రచన అది.

హోస్ట్: పత్రికల సంగతి? కుర్రవాళ్లు ఎక్కువగా అడిగేది అదే.

అతిథి: ఫ్రొనేసిస్ 1955 నుంచి ఉంది. ఆక్స్‌ఫర్డ్ స్టడీస్ ఇన్ ఏన్షియంట్ ఫిలాసఫీ 1983లో మొదలైంది, పొడుగు వ్యాసాలకు అక్కడ చోటు దొరుకుతుంది. పేరు దాచి పంపినా, రంగం చిన్నది కాబట్టి పరిశీలకుడికి ఎవరు రాశారో తరచూ తట్టేస్తుంది. అది నిజమైన ఇబ్బంది. నా అసలు బాధ వేరే. ఒక రాతప్రతిని మిగతావాటితో పోల్చి, పాఠభేదాలు నిర్ణయించి, పరిష్కరించడానికి పదేళ్లు పట్టవచ్చు. ఉద్యోగానికి లెక్కించేది మాత్రం వ్యాసాలు. అందుకే ఆ పనికి వచ్చే పిల్లలు తగ్గిపోతున్నారు.

హోస్ట్: చదివేవాళ్లు ఏం చేయగలరు?

అతిథి: ప్లేటో గ్రీకు పాఠం ఎప్పుడైనా తెరిస్తే, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న పాఠభేదాల వరుస చూడండి. ఏ ప్రతిలో ఏముంది, పరిష్కర్త దేన్ని పక్కన పెట్టాడు అన్నది అక్కడ ఉంటుంది. గ్రీకు రాకపోయినా, ఆ వరుస ఎక్కడ పొడుగ్గా ఉందో చూస్తే చాలు. ఆ వాక్యం మీద ఇంకా తగువు ఉందని తెలిసిపోతుంది. అనువాదంలో ఆ వాక్యం దగ్గర ఆగి, ఇంకో అనువాదంతో పోల్చుకోండి.