ఎపిసోడ్ 41: వైరల్ ఫీవర్, టైఫాయిడ్, అమ్మమ్మ

సుధ: నమస్కారం. ముందే చెప్తున్నా, పోయిన ఎపిసోడ్ బీరకాయ సంగతి ఇవాళ ఎత్తొద్దు.

కిషోర్: నేనెత్తట్లేదక్కా. వినేవాళ్ళే మెసేజ్‌లు పెడుతున్నారు.

సుధ: సరే, విషయానికొద్దాం. మనసుకి జబ్బు చేస్తే బతుకు ఎంత దెబ్బతిందో కొలవడానికి మనకో లెక్కుంది, ఐడియాస్ అంటారు. వైకల్యం ఉందని సర్కారిచ్చే సదరం సర్టిఫికెట్‌కి అదే ఆధారం. స్నానం, తిండి లాంటి సొంత పనులు, నలుగురితో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, ఉద్యోగం. ఒక్కోదానికి సున్నా నుంచి 4 దాకా మార్కులు. జబ్బు ఎన్నేళ్ళదో దానికి ఇంకొన్ని...

కిషోర్: అందులో మా ఆఫీసు తొమ్మిదిన్నర స్టాండప్ మీటింగ్‌కి ఎన్ని? పేరేమో స్టాండప్. ఒక్కడూ నిలబడడు.

సుధ: మొదలెట్టాడ్రా బాబూ.

కిషోర్: కాదక్కా. పోయినేడాది డిప్రెషన్‌లో పని అవ్వకపోవడం ఒకెత్తు, పొద్దున్నే "నిన్న ఏం చేశావ్" అంటే జవాబివ్వడం ఒకెత్తు. ఒకే మెయిల్ పదకొండుసార్లు చదివా. నానబెట్టిన బట్టలు బకెట్లోనే కంపు కొట్టాయి. అది చెప్పనా? వైరల్ ఫీవర్ అని లీవు పెట్టా.

సుధ: అదే తప్పంటాన్నేను. వైరల్ ఫీవర్ ఐదు రోజులు. ఆరోరోజు?

కిషోర్: టైఫాయిడ్.

సుధ: తర్వాత?

కిషోర్: అమ్మమ్మని చంపేశా. ఆవిడేమో పక్కగదిలో సీరియల్ చూస్తోంది.

సుధ: (నవ్వు) ఛీ! ఆ నిజమేదో ముందే చెప్పొచ్చుగా. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసెయ్యడానికి లేదు.

కిషోర్: అది సర్కారీ ఉద్యోగాలకి. మాది ప్రైవేటు. ఎవడైనా కోడ్ తప్పు రాస్తే "వీణ్ణి ఎర్రగడ్డకి పంపండ్రా" అని నవ్వే టీమ్. అక్కడ లేచి నిలబడి చెప్పాలా? ఎలాగూ నిలబడరు.

సుధ: మా వైజాగ్‌లో చినవాల్తేరు అంటారు. నేనూ అనేదాన్ని.

కిషోర్: నువ్వా?

సుధ: బాబాయిని తీసుకెళ్ళేదాకా. ఓపీ లైన్లో మా వెనకే మా లెక్కల మాస్టారు, వాళ్ళబ్బాయితో. ఇద్దరం గోడ మీది పోస్టరే చదివాం. అరగంట.

కిషోర్: ...పలకరించాల్సిందక్కా.

సుధ: నువ్వు చెప్తున్నావా, టైఫాయిడ్?

కిషోర్: సర్లే. మనసు బాగోకపోతే ఫోన్ చేసే సర్కారీ హెల్ప్‌లైన్, టెలీ మానస్ నంబర్ చెప్పు.

సుధ: 14416. డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇన్సూరెన్స్ గురించి కూడా 2017 మానసిక ఆరోగ్య చట్టంలో...

కిషోర్: ఉండక్కా, అమ్మమ్మ రిమోట్ వెతుక్కుంటోంది. ఆపనా?