పాత డాస్ ఆటలకు వాటి కాలపు వేగం

[తెర మీద: రేకు పెట్టెలో వరుసగా పేర్చిన ఫ్లాపీలు]

నమస్కారం. ఈ ఫ్లాపీలు కావలిలో మా అన్నయ్య బీరువాలో పాతికేళ్లకు పైగా ఉన్నాయి. ట్రంకు రోడ్డు మీద ఒక శిక్షణ కేంద్రంలో కంప్యూటరు నేర్చుకున్న రోజుల్లో, తరగతి ముగిశాక దొరికే పావుగంటలో ఆయన ఆడుకున్న డాస్ (విండోస్‌కు ముందు పి.సి.లను నడిపిన వ్యవస్థ) ఆటలు వీటిలో ఉన్నాయి. సముద్రపు తేమకు ఫ్లాపీలకు బూజు పడుతుంది కాబట్టి, లోహపు రేకును వేలితో పక్కకు జరిపి, లోపలి బిళ్ల మీద తెల్లని మచ్చలు ఉన్నాయేమో ముందుగా చూడండి. బూజు పట్టిన ఫ్లాపీని డ్రైవులో పెడితే ఆ బూజు డ్రైవులో ఫ్లాపీని చదివే హెడ్డుకు అంటుకుని, తరువాత పెట్టే మంచి ఫ్లాపీని కూడా పాడు చేస్తుంది.

[తెర మీద: ఆట ఫైలు మీద డబుల్ క్లిక్, వెంటనే విండోస్ నిరాకరణ]

ఫైళ్లు చక్కగా కాపీ అయినా ఆట తెరుచుకోలేదు. 64 బిట్ల విండోస్‌లో ఈ డాస్ ఆటల వంటి 16 బిట్ల ప్రోగ్రాములను నడిపే ఏర్పాటే లేదు. విండోస్ 11 అయితే 64 బిట్లలో మాత్రమే వస్తుంది. అందుకే 2002 నుంచి ఉచితంగా దొరుకుతున్న డాస్‌బాక్స్ అనే ప్రోగ్రాము కావాలి. ఇది ప్రాసెసరు, సౌండు కార్డు, తెర సహా ఒక పాత కంప్యూటరును మొత్తంగా అనుకరిస్తుంది. ఆటల ఫోల్డరుకు ఖాళీలు లేని చిన్న పేరు పెట్టి, తెర మీద చూపిన మౌంటు ఆదేశంతో దానిని సి డ్రైవుగా చూపిస్తే చాలు.

అసలు సమస్య వేగంతో వస్తుంది. 1981 నాటి ఐ.బి.ఎం. పి.సి. 4.77 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచేది. యంత్రాలన్నీ ఇంచుమించు అదే వేగంతో ఉన్న ఆ రోజుల్లో, కొందరు ప్రోగ్రామర్లు గడియారాన్ని చూడకుండా, ప్రాసెసరు చేత ఉత్తి లెక్కలు చేయించి ఆటలో కాలం గడిపేవారు. అటువంటి ఆటను వేగమైన యంత్రంలో పెడితే, మనం మీట మీద వేలు పెట్టేలోపే కారు గోడను గుద్దుకుంటుంది. అప్పటి క్యాబినెట్ల మీద ఉండే టర్బో బటన్ అసలు పని, ఇటువంటి ఆటల కోసం యంత్రాన్ని నెమ్మదింపజేయడమే. టర్బో పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ సాధనంతో రాసిన కొన్ని ప్రోగ్రాములైతే, మొదలవగానే 55 మిల్లీసెకన్లలో ఎన్ని చుట్లు తిరగగలవో లెక్కించి ఆ సంఖ్యను 55తో భాగించేవి; వేగమైన ప్రాసెసరులో ఆ భాగఫలం 16 బిట్లలో పట్టక, రన్‌టైమ్ ఎర్రర్ 200 చూపించి ఆగిపోయేవి.

[తెర మీద: డాస్‌బాక్స్ కిటికీ పై అంచులో సైకిల్స్ సంఖ్య]

ఈ సంఖ్య, మిల్లీసెకనుకు ఎన్ని ఆదేశాలు నడపాలో చెబుతుంది. తొలి పి.సి. వేగానికి సుమారు 300, తరువాత వచ్చిన ప్రాసెసర్లలో 33 మెగాహెర్ట్జ్ 386కు సుమారు 6,000, 66 మెగాహెర్ట్జ్ 486కు సుమారు 25,000 సరిపోతాయి. కంట్రోల్ నొక్కి ఉంచి ఎఫ్11 కొడితే వేగం తగ్గుతుంది, ఎఫ్12 కొడితే పెరుగుతుంది. అన్నయ్య పక్కన కూర్చుని, "ఇంకొంచెం తగ్గించరా, అప్పట్లో మలుపు దగ్గర ఊపిరి పీల్చుకునే సందు ఉండేది" అంటుంటే, ఒక్కొక్క మెట్టే దించుకుంటూ వచ్చాను. ఆ కాలంలో ఆడిన మనిషి పక్కన ఉంటే అంతకంటే మంచి కొలత ఉండదని నా అభిప్రాయం.

తెర ఆకారాన్ని కూడా సరిచేయాలి. అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కల బొమ్మను ఆనాటి 4:3 మానిటరు నిలువుగా సాగదీసి చూపేది. నేటి తెర అలా సాగదీయదు కాబట్టి, ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆటలో రాకుమారుడు ఆరో వంతు ఎత్తు తగ్గి పొట్టిగా కనిపిస్తాడు. డాస్‌బాక్స్ సెట్టింగుల ఫైలులో ఆస్పెక్ట్ అనే చోట ట్రూ అని రాస్తే అతనికి అసలు ఎత్తు వస్తుంది. శబ్దానికి మాత్రం ఆట సెటప్‌లో సౌండ్ బ్లాస్టర్ అనే ఆనాటి సౌండు కార్డును ఎంచుకుని, అది అడిగే చోట్ల చిరునామా 220, ఐ.ఆర్.క్యూ. 7, డి.ఎం.ఎ. 1 అని ఇస్తే చాలు.

కుదిరిన సైకిల్స్ సంఖ్యను ఆ ఆట ఫోల్డరులోనే ఒక విడి సెట్టింగుల ఫైలులో ఫిక్స్‌డ్ అని రాసి భద్రపరచండి. అన్నయ్య కారు ఆట 5,200 దగ్గర కుదిరింది. ఆ అంకెను ఆయన ఫ్లాపీ మీది పాత చీటీ కిందే పెన్నుతో రాసుకున్నారు.