బాణం గుర్తు లేని చిత్రం

అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

పాఠ్యపుస్తకంలో అచ్చైన సూక్ష్మదర్శిని చిత్రంలో విద్యార్థి చేయవలసిన పని సగం ముందే అయిపోయి ఉంటుంది. ఎక్కడ చూడాలో ఎవరో నిర్ణయించి, ఆ మేరకే కత్తిరించి, పైన బాణం గుర్తు కూడా పెట్టి ఉంటారు. అవే చిత్రాలను ఆన్‌లైన్ తరగతిలో చూపితే పుస్తకం పేజీలు తిప్పినట్లవుతుందే గాని, స్లయిడ్ (గాజు పలక మీద పరచిన పలుచని కణజాలపు కోత) చదవడం నేర్పినట్లు కాదు. అందుకే మొత్తం గాజు స్లయిడ్‌ను స్కాన్ చేసి విద్యార్థికి అప్పగించాలని నేను పట్టుబడతాను.

40 రెట్ల స్కాన్‌లో ఒక్కో పిక్సెల్ కణజాలం మీద సుమారు 0.25 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సమానం. ఆ లెక్కన 15 మిల్లీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న ముక్కకు 360 కోట్ల పిక్సెళ్లు అవసరమవుతాయి. పిక్సెల్‌కు మూడు బైట్ల చొప్పున కుదించకుండా దాస్తే అది 10.8 గిగాబైట్లు. అంత పెద్ద చిత్రం మామూలు ఫోన్‌లో ఎలా తెరుచుకుంటుందన్న సందేహం సహజమే. చిత్రాన్ని వేర్వేరు స్పష్టతలలో పిరమిడ్‌లా అంతస్తులుగా పేర్చి, ప్రతి అంతస్తునూ చిన్న చదరాలుగా విడగొట్టి ఉంచుతారు కనుక, ఆన్‌లైన్ పటాల్లో మాదిరిగానే, ఆ క్షణాన తెర మీద కనబడవలసిన చదరాలు మాత్రమే సర్వర్ నుంచి వస్తాయి.

క్యాన్సర్ వ్యాపించిన లింఫు గ్రంథినే తీసుకోండి. విద్యార్థి ముందు తక్కువ పవర్‌లో గ్రంథి ఆకృతినంతా చూసి, తొడుగు కిందనున్న సైనస్ (లింఫు ద్రవం పారే సన్నని సందు) వెంబడి నెమ్మదిగా కదులుతూ, అనుమానం కలిగిన చోట పవర్ పెంచి, అక్కడి కణాల గుంపును తానే పట్టుకోవాలి. మధ్యలో ఏ వ్యాధీ లేని గ్రంథిని కూడా చెప్పకుండా ఇవ్వండి. ఏమీ లేదని ధైర్యంగా రాయడం కూడా నేర్వవలసిన విద్యే.

అయితే తెర అన్నిటికీ సరిపోదు. కణజాలపు కోత మందం 3 నుంచి 5 మైక్రాన్లే కనుక ఒకే ఫోకస్ చాలావరకు సరిపోతుంది గాని, విడి కణాలను గాజు మీద పూసి చేసే సైటాలజీ స్మియర్‌లో కణాలు ఒకదానిపై ఒకటి పడి ఉంటాయి. అక్కడ పలు లోతుల్లో స్కాన్ చేయాలి, ఫైలు అన్ని రెట్లూ పెరుగుతుంది. కండెన్సర్ (స్లయిడ్ మీదికి వెలుగును కేంద్రీకరించే కటకం) సర్దడం, ఆయిల్ ఇమ్మర్షన్ (కటకానికి, స్లయిడ్‌కు మధ్య నూనె చుక్క వేసి చూసే పద్ధతి) వాడడం మాత్రం అసలు సూక్ష్మదర్శిని ముందు కూర్చుంటేనే చేతికి వస్తాయి.

ఒక్క జాగ్రత్త చెప్పి విరమిస్తాను. చాలా స్కానర్లు స్లయిడ్ లేబుల్‌ను కూడా ఫొటో తీసి అదే ఫైలులో దాస్తాయి. తెర మీద కనిపించకపోయినా రోగి పేరు అందులో ఉండిపోవచ్చు కనుక, తరగతికి పంపకముందే దాన్ని ఫైలు నుంచే తొలగించండి.