పదకొండు నిమిషాల రీలు

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, సహాధ్యాపకులకు, వెనక వరసల్లో తలుపు దగ్గరి కుర్చీలు చూసుకుని కూర్చున్న విద్యార్థులకు నా కృతజ్ఞతలు. ఆహ్వాన పత్రికలో నా ప్రసంగ విషయాన్ని "స్వతంత్ర డాక్యుమెంటరీ, చిత్రనిర్మాణ బోధన: ఒక వృత్తి జీవితం" అని అచ్చువేశారు. ఇందులో వృత్తి అన్న మాట దగ్గర నాకు మొదటినుంచీ చిక్కే. ఇరవై ఏళ్ల కిందట ఇంటి రుణానికి దరఖాస్తు పెట్టుకున్నప్పుడు, వృత్తి అన్న గడిలో డాక్యుమెంటరీ దర్శకుడు అని రాశాను. కౌంటర్లో ఉన్నాయన చదివి, "అంటే సీరియళ్లా సార్?" అని అడిగాడు. కావన్నాను. "మరి థియేటర్లో ఆడతాయా?" అన్నాడు. ఆడవన్నాను. కాలేజీలో పాఠాలు కూడా చెబుతానన్న సంగతి మాటల్లో బయటపడేసరికి ఆయన ఊపిరి పీల్చుకుని, ఆ గడిలో అధ్యాపకుడు అని దిద్దుకు రమ్మన్నాడు. రుణం మంజూరైంది. నా రెండు పనుల మధ్య ఉన్న ఆర్థిక సంబంధం మొత్తం ఆ దిద్దుబాటులో ఉంది.

నేను పని నేర్చుకున్నది 16 ఎం.ఎం. ఫిల్ము మీద. నాలుగు వందల అడుగుల రీలు, సెకనుకు 24 ఫ్రేముల వేగంతో, పదకొండు నిమిషాలు నడుస్తుంది. వెలుగు చొరబడని నల్ల సంచిలోకి రెండు చేతులూ మోచేతుల దాకా దూర్చి, కళ్లతో పనిలేకుండా వేళ్లతో తడుముకుంటూ మ్యాగజీన్‌లోకి, అంటే కెమెరాకు తగిలించే ఫిల్ము పెట్టెలోకి, ఫిల్ము ఎక్కించాలి; ఎండాకాలమైతే ఆ సంచిలోనే చేతులకు చెమటపట్టి ఫిల్ము అంటుకునేది. అంత కష్టపడి ఎక్కించినది పదకొండు నిమిషాలే కాబట్టి మీట నొక్కే ముందు గుండె కొట్టుకునేది. ఎవరితోనైనా మాట్లాడించాలంటే ముందురోజే వెళ్లి కూర్చుని, వాళ్లు ఏ మాట దగ్గర ఆగుతారో, ఏ మాట దగ్గర గొంతు మారుతుందో చూసుకుని, మర్నాడు ఆ మాటల కోసం మాత్రమే కెమెరా తిప్పేవాళ్లం. తర్వాత డీవీ టేపు వచ్చింది, గంటసేపు నడిచేది. ఆ తర్వాత వచ్చిన మెమరీ కార్డుల సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. మాకు పదకొండు నిమిషాలు దొరికిన చోట మీకు పూటంతా దొరుకుతోంది. అయితే కెమెరాకు ఇవతల ఉన్న మన కాలం ఇలా చవకైపోయిందే గాని, అవతల కూర్చున్న మనిషి కాలానికి ధర ఏమీ తగ్గలేదు. ఈ సంగతి నేను ఏ తరగతి గదిలోనూ నేర్చుకోలేదు, పోచంపల్లి తరహా చీరలు నేసే కొయ్యలగూడెం అన్న ఊళ్లో నేర్చుకున్నాను.

పోచంపల్లి చీరల గురించి విన్నవారు చాలామందే ఉంటారు గాని, ఆసు పోయడం చూసినవారు తక్కువ. చిటికి పనికి, అంటే దారాన్ని కట్లు కట్టి రంగుల్లో ముంచే పనికి ముందు, పేక దారాన్ని ఒక లెక్క ప్రకారం పరచుకోవాలి. ఒకవైపు ఒంటరి మేకు, రెండోవైపు అర్ధచంద్రాకారంలో బిగించిన మేకుల వరుస ఉంటాయి. దారం పట్టుకున్న చెయ్యి ఆ ఒంటరి మేకునుంచి బయలుదేరి, వరుసలో ఒక్కో మేకునూ చుట్టుకుంటూ, మళ్లీ మొదటికి వస్తూ ఉండాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి అలా తిరగాలి, నాలుగైదు గంటలు పడుతుంది. ఇది ఇంట్లో ఆడవాళ్ల పని. ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రాన్ని తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నేను కొయ్యలగూడెం వెళ్లేనాటికి యంత్రం అన్ని ఇళ్లకూ చేరలేదు. నేను చిత్రీకరించిన పెద్దావిడ చేత్తోనే ఆసు పోస్తోంది.

ఆవిడ దగ్గర రెండు టేపులు నింపాను. కిటికీ వెలుగు చేతిమీద పడడం లేదని ఒకసారి ఆపించాను, పక్కనుంచి ఇంకోసారి కావాలని మళ్లీ చేయించాను. ఆవిడ మాటలు రికార్డు చేసేటప్పుడు పక్కింటి గుంట మగ్గం చప్పుడు అడ్డొస్తోందని మా సౌండు కుర్రాడు చెబితే, వాళ్లను బతిమాలి దాన్ని రెండు గంటలు ఆపించాం. ఆ ఇంటికి కూలి చీర లెక్కన వస్తుంది, ఆగిన మగ్గానికి ఎవరూ ఏమీ ఇవ్వరు. ఇది నాకు అప్పుడు తట్టలేదు. అంతా మర్యాదగా, చాయ్ తాగుతూ జరిగింది.

ఎడిటింగులో ఆ రెండు టేపుల ఆసు నలభై సెకన్లయింది. దగ్గరగా వేళ్లు, తర్వాత మేకులు, తర్వాత ముఖం, దారం మీద మెరుపు. చాలా బాగా కుదిరిందని ఎడిటరూ నేనూ అనుకున్నాం. నేను తీసిన చిత్రాన్ని ఎవరి గురించి తీశానో వాళ్లకు ముందు చూపించే అలవాటు నాకుంది కాబట్టి, ఊళ్లో ఒక ఇంటి వసారాలో దుప్పటి కట్టి వేశాం. ఆసు వచ్చినప్పుడు పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆవిడ మాత్రం చివరిదాకా చూసి నన్ను పిలిచి, "గింత జల్దిన ఆసు అయిపాయెనా బిడ్డా? గట్లయితే నా రెక్క ఎందుకు నొస్తది?" అంది.

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. నేను వెనక్కి వచ్చి ఆ నలభై సెకన్లూ తీసేసి, ఎక్కడా కోత లేకుండా, చెయ్యి వెళ్లడం రావడం తప్ప మరేమీ లేని ఆరు నిమిషాల షాటు పెట్టాను. ఆ చిత్రాన్ని ప్రసారం చేస్తామన్న ఒక ఛానెల్ వారు ఈ భాగం చూసి, "ఇక్కడ ఏమీ జరగడం లేదు కదండీ" అన్నారు. జరగకపోవడమే అందులో విషయమని చెప్పాను. వారికి నచ్చలేదు, చిత్రం ప్రసారం కాలేదు. నా మాట నెగ్గిందని గొప్పలకు పోవడానికి ఇది చెప్పడం లేదు. ఆరు నిమిషాలు కూడా నాలుగు గంటలు కావు. కాని కుర్చీలో కూర్చున్న ప్రేక్షకుడు మూడో నిమిషానికి కదలడం మొదలుపెడతాడు, తన భుజం తనకు తెలుస్తుంది. ఆవిడ అడిగినదానికి నా దగ్గరున్న సమాధానం అంతవరకే.

ఈ సమస్య నాతో మొదలైంది కాదు, డాక్యుమెంటరీతోబాటే పుట్టింది. 1922లో విడుదలైన రాబర్ట్ ఫ్లాహెర్టీ చిత్రం "నానూక్ ఆఫ్ ది నార్త్"లో కెనడా ఉత్తరాన ఉండే ఒక ఇన్యూట్ కుటుంబపు మంచు ఇంటి లోపలి దృశ్యాలు ఉన్నాయి. మామూలు ఇగ్లూలో కెమెరాకు చోటూ చాలదు, వెలుగూ చాలదు కాబట్టి, సగం గోడ లేని పెద్ద ఇగ్లూ కట్టించి, ఆ చలిలోనే ఆ కుటుంబాన్ని నిద్రపోతున్నట్టు, లేస్తున్నట్టు చేయించారు. అప్పటికే తుపాకులతో వేటాడుతున్న మనుషుల చేత బల్లేలు పట్టించారు. మొదట తీసిన ముప్పై వేల అడుగుల నెగటివ్, 1916లో ఆయన సిగరెట్ నిప్పు పడి కాలిపోయింది గనుక మళ్లీ వెళ్లి తీసిన చిత్రమిది. (హార్డ్ డిస్కు పోయిందని ఏడ్చే విద్యార్థులకు నేను ఈ కథ చెబుతుంటాను, పెద్దగా ఊరట కలగదు.) ఫ్లాహెర్టీ అబద్ధం చెప్పాడా అన్న చర్చ మన తరగతుల్లో ప్రతి ఏడూ జరుగుతుంది. నాకు మాత్రం ఆ సగం ఇంట్లో ఎంతసేపు వణికారన్నదే ముందు గుర్తుకొస్తుంది.

మన దేశంలో ఈ లెక్క మరోలా నడిచింది. 1948లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ ఫిల్మ్స్ డివిజన్ చిత్రాలను అప్పట్లో అసలు సినిమాకు ముందు ప్రతి హాల్లోనూ వేయాల్సి వచ్చేది. జనం ఆ సమయానికి బయట బీడీ కాల్చుకుని, పేర్లు పడేవేళకు లోపలికి వచ్చేవారు. డాక్యుమెంటరీ అంటే సర్కారు గొంతుతో ఎవరో పైనుంచి పాఠం చెప్పడమనే అభిప్రాయం అలా స్థిరపడిపోయింది. ఆ సంస్థ కోసమే ఎస్. సుఖ్‌దేవ్ వంటి దర్శకులు గొప్ప ప్రయోగాలు చేశారన్నది నిజమే అయినా, ఆ గొంతునుంచి బయటపడడానికి చాలాకాలం పట్టింది. మనవరకు చూస్తే, దీపా ధన్‌రాజ్ తదితరులు నడిపిన యుగాంతర్ బృందం హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘంతో కలిసి 1983లో "ఇది కథ మాత్రమేనా" తీసింది. ఇళ్లలో ఆడవాళ్లు పడే హింస గురించి సంఘం సభ్యులు తమలో తాము మాట్లాడుకున్న అనుభవాలనుంచి పుట్టిన కథ అది. ఎదుటివారి కాలాన్ని తీసుకుని వెళ్లిపోకుండా, వాళ్లతో కూర్చుని చిత్రం తయారుచేయడం ఎలాగన్నదానికి తెలుగులో నేను మొదట చూపించేది దీన్నే. జహీరాబాదు దగ్గరి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు ఇంకో అడుగు ముందుకు వేశారు. బడి ముఖం పెద్దగా చూడని దళిత రైతు స్త్రీలు కెమెరా నేర్చుకుని, షాట్లకు తమ పేర్లు తామే పెట్టుకున్నారు. కళ్లకు కళ్లు ఎదురుగా, సమానమైన ఎత్తులో చూసేది వాళ్లకు సంఘం షాట్. పైనుంచి, కిందినుంచి చూసే చూపులకు పటేలు పేరు, బానిస పేరు వచ్చాయి. నేను పాతికేళ్లుగా లో యాంగిల్, హై యాంగిల్ అని బోర్డు మీద బొమ్మలు గీస్తున్నాను. ఆ బొమ్మలతో చెప్పలేనిది వాళ్లు ఒక్క పేరుతో చెప్పేశారు.

ఇక బోధన. సినిమా నేర్పే సంస్థలు మనకు తక్కువేమీ కాదు. పుణెలో పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో 1960లో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. 1982లో ఢిల్లీ జామియా మిల్లియాలో మాస్ కమ్యూనికేషన్ కేంద్రం వచ్చినప్పుడు, కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డులో డాక్యుమెంటరీకి దారి వేసినవారిలో ఒకరైన జాన్ గ్రియర్సన్ దగ్గర పనిచేసిన జేమ్స్ బెవరిడ్జ్ దాని తొలి రోజుల్లో అండగా నిలిచారు. డాక్యుమెంటరీ తీసినవాడే పాఠం చెప్పాలన్న సంప్రదాయం అక్కడ అలా బలపడింది. నా తరగతికి అంత పెద్ద చరిత్ర లేదు. ఒక నియమం మాత్రం ఉంది. మొదటి సెమిస్టర్ అభ్యాసానికి కెమెరా ఇచ్చేటప్పుడు, పదకొండు నిమిషాలకు మించి రికార్డు చేయకూడదంటాను. చెరపడం లేదు, మళ్లీ తీయడం లేదు. మొదటి రోజు అందరూ నన్ను తిట్టుకుంటారు. రెండో వారానికి కెమెరా సంచిలోనే ఉంచి, ఇస్త్రీ బండి దగ్గరో, పూల కొట్టు దగ్గరో ఊరికే నిలబడి చూడడం మొదలుపెడతారు. ఒక అమ్మాయి తొమ్మిది నిమిషాలు మిగుల్చుకుని తిరిగి వచ్చింది. ఎందుకమ్మా అంటే, ఆయన రెండు నిమిషాల్లోనే చెప్పాల్సింది చెప్పేశారు సార్, తర్వాత చాయ్ తాగాం అంది. ఆ ఏడాది నేను ఎక్కువ మార్కులు వేసింది ఆ అమ్మాయికే.

రెండో అభ్యాసం మాటల్ని రాసుకోవడం. రికార్డు చేసిన ప్రతి మాటనూ, నసుగుళ్లతో, దగ్గుతో సహా, యాసను దిద్దకుండా చేత్తో రాసుకురావాలి. ఇప్పుడు యంత్రాలు రాసిపెడతాయని నాకూ తెలుసు. కాని గంటసేపటి మాటలు రాయడానికి ఆరేడు గంటలు పడుతుంది, ఆ ఆరేడు గంటల్లో ఎదుటి మనిషి మీకు తెలిసివస్తాడు. ఎక్కడ మీరు అడ్డుపడి ప్రశ్న వేశారో, ఆయన అంతకు ముందు ఏం చెప్పబోయి ఆగిపోయాడో కాగితం మీద కనిపిస్తుంది. నా సొంత ఇంటర్వ్యూలు రాసుకున్నప్పుడే నేను ఎంత వాగుతానో నాకు తెలిసింది.

మూడోది బడ్జెట్టు. కెమెరా అద్దె, రైలు టిక్కెట్లు, భోజనాలు, ఎడిటింగ్ అన్నీ వేసుకొస్తారు. దానికింద ఇంకో పద్దు రాయమంటాను: మన కోసం ఎవరి పని ఎంతసేపు ఆగుతుంది? దీనిమీద నాతో విభేదించేవారు ఈ సభలోనే ఉన్నారు. డబ్బిస్తే మనకు కావలసిన మాటే చెబుతారు, నిజం చెడిపోతుందని వారి వాదం. అందులో పస ఉంది. అందుకే కథకు డబ్బివ్వమనడం లేదు. ఆగిన మగ్గానికి, పోయిన కూలికి లెక్కకట్టి ఇవ్వాలంటున్నాను. కెమెరా అద్దెకు రసీదు అడిగే మనం, ఆ కూలిని వాళ్ల ఆదరణ ఖాతాలో వేసి ఊరుకోవడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

స్వతంత్రం అన్న మాట గురించి కూడా ఒకటి రెండు మాటలు చెప్పాలి. ఎవరి నుంచి స్వతంత్రం? 2004 ముంబయి అంతర్జాతీయ చిత్రోత్సవానికి భారతీయ చిత్రాలు సెన్సార్ సర్టిఫికెట్ తేవాలన్నప్పుడు, దేశంలోని డాక్యుమెంటరీ దర్శకులు ఒక్కటై వికల్ప్ పేరుతో తమ ప్రదర్శనలు తామే పెట్టుకున్నారు. ఆనంద్ పట్వర్ధన్ తన చిత్రాల కోసం ఏళ్ల తరబడి కోర్టులకెక్కి గెలిచారు. నా స్వతంత్రం అంత పెద్దది కాదు. ఒకటో తారీఖున జీతం వస్తుంది కాబట్టి, ఆరు నిమిషాల షాటు తీసెయ్యమన్నవారికి తీయనని చెప్పగలిగాను. జీతం లేని నా మిత్రులు అదే చోట తలవంచి కోసిచ్చారు, వాళ్లను తప్పుపట్టే అర్హత నాకు లేదు. దానికి బదులుగా నేను పోగొట్టుకున్నదీ తక్కువేమీ కాదు. వానాకాలంలో తీయాల్సిన చిత్రాన్ని వేసవి సెలవుల్లో తీశాను. పరీక్ష పేపర్లు దిద్దుతూ ఒక చెరువు నిండడాన్ని తప్పిపోయాను. ఈ రెండు పనులూ ఒకదానికొకటి ఎంతో తోడ్పడతాయని ఇలాంటి సభల్లో చెప్పడం ఆనవాయితీ. నా అనుభవంలో అవి ఎక్కువగా ఒకదాని సమయాన్ని ఒకటి దొంగిలించాయి.

పోయిన సంవత్సరం విద్యార్థులను తీసుకుని కొయ్యలగూడెం వెళ్లాను. ఆ పెద్దావిడ ఉంది. ఇంట్లో ఇప్పుడు ఆసు యంత్రం నడుస్తోంది, పాత చట్రం దూలం పక్కన దుమ్ముపట్టి వేలాడుతోంది. నా విద్యార్థుల్లో ఒకడు, మంచి కుర్రాడే, దాన్ని చూడగానే కళ్లు పెద్దవి చేసుకుని, "అమ్మా, ఒక్కసారి చేత్తో చేసి చూపిస్తారా?" అని అడిగాడు. ఫ్లాహెర్టీ మీద వాడు రాసిన వ్యాసానికి నెల కిందటే నేను మంచి మార్కులు వేశాను. ఆవిడ నావైపు చూసింది. నేను కల్పించుకోలేదు. కోడలిని పిలిచి చట్రం దించమని చెప్పి, కొంగుతో దాని దుమ్ము తుడిచి, కుడి భుజాన్ని ఎడమ చేత్తో ఒకసారి నొక్కుకుని వాణ్ని అడిగింది: "జేస్త గని బిడ్డా, ఎంతసేపు జెయ్యాలె?"