గ్లాసీ లామినేషన్ చేయించకండి: 40 మంది క్లాసులో ప్లికర్స్ క్విజ్

నమస్కారమండి. ప్లికర్స్ అంటే ఏంటి, ఉచిత ఖాతాలో ఏమొస్తుంది, డబ్బు కడితే ఏమొస్తుంది, ఇవన్నీ ఈపాటికి వేరే వీడియోల్లో చూసే ఉంటారు. అవి మళ్లీ చదివి వినిపించను. చూడనివాళ్లకి ఒక్క ముక్క: పిల్లలు తలా ఒక నంబరున్న కార్డు ఎత్తి చూపిస్తారు, దాని నాలుగు అంచుల మీద ఎ, బి, సి, డి ఉంటాయి, టీచర్ ఫోన్ కెమెరా ఆ జవాబులు చదువుతుంది. ముందు చెప్పాల్సింది చెప్పేస్తాను: ఈ టేబుల్ మీదున్న రెండు సెట్ల కార్డులు బెంగళూరు అవెన్యూ రోడ్డు వైపు ఒక ప్రింటింగ్ షాపువాళ్లు ఉచితంగా పంపినవి. సాఫ్ట్‌వేర్ కంపెనీకి వీటితో సంబంధం లేదు. డబ్బులేమీ తీసుకోలేదు. అందుకని మొదట ఆ కార్డులనే తిడతాను.

[కార్డు కెమెరాకి దగ్గరగా]

ఇటు చూడండి. నల్ల గడుల మధ్యలో తెల్లగా ఒక గీత కనిపిస్తోందా? అది డిజైన్ కాదు, పైనున్న ట్యూబ్‌లైట్. గ్లాసీ లామినేషన్ చేసి పంపారు. చేతిలో పట్టుకుంటే ముచ్చటగానే ఉంటుంది. కానీ ఫోన్ కెమెరా చదివేది నలుపు తెలుపుల తేడాని. నల్ల గడి మీద లైటు పడి మెరిస్తే అది తెల్ల గడి కిందే లెక్క, ఆ కార్డు ఇక స్కాన్ అవదు. కిటికీ పక్క వరసలో కూర్చున్న పిల్లలందరికీ ఇదే గొడవ. "మిస్, నాది తీసుకోలేదు" అని 10 మంది ఒకేసారి లేస్తే మీ పీరియడ్ అయిపోయినట్టే. లామినేషన్ కావాలంటే మ్యాట్, అంటే మెరుపు లేనిది, అని గట్టిగా చెప్పి చేయించండి. అసలు లామినేషనే వద్దు, 250 నుంచి 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి ఇన్ని గ్రాములని లెక్క) ఉన్న మందపాటి అట్ట మీద ప్రింట్ తీయించండి, అంతే. మామూలు 80 జీఎస్ఎమ్ జిరాక్స్ కాగితం వద్దు. పిల్లాడు పైకెత్తగానే వంగిపోతుంది, చదరం కాస్తా పడవలా అవుతుంది, కెమెరాకి అందదు. మామూలు సెట్‌లో ఒక పేజీకి రెండు కార్డులు, 40 కార్డులకి 20 పేజీలు. క్లాసులో 40 మంది దాటితే 63 కార్డుల సెట్ ఉంది. గది పొడుగ్గా ఉండి వెనక బెంచీ మరీ దూరమైతే పేజీకి ఒకటే కార్డు వచ్చే పెద్ద సైజు తీసుకోండి.

ఇంకో తప్పు వేళ్లది. నల్ల బొమ్మ మీద బొటనవేలు పడితే చాలు, కార్డు చదవదు. చుట్టూ ఉన్న తెల్ల అంచు పట్టుకోవాలి. ఈ ఒక్క విషయం మొదటి రోజు 5 నిమిషాలు నేర్పండి, ప్రశ్న లేకుండానే. "అందరూ బి చూపించండి" అనండి. ఏ అక్షరం పైకి ఉంటే అదే జవాబు. ఒకటి, రెండు తరగతుల పిల్లలు అక్షరాన్ని తమవైపు, అంటే కిందికి తిప్పుకుంటారు. వాళ్లకి ఎ ఉన్న అంచుకి ఒక రంగు, బి ఉన్న అంచుకి ఇంకో రంగు స్కెచ్ పెన్నుతో గీసిపెట్టండి. అంచుకే సుమా, నల్ల గడులకి కాదు.

ఇక స్కానింగ్. ల్యాప్‌టాప్‌లో, ఫోన్‌లో ఒకే ఖాతా తెరిచి ఉండాలి. ప్రశ్న ప్రొజెక్టర్ మీద పడుతుంది, ఫోన్‌లో స్కాన్ బటన్ నొక్కి గదిని ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా చూపిస్తారు. నెమ్మదిగా అన్నది గుర్తుంచుకోండి. ఫ్యాన్ తిరిగినట్టు ఫోన్ తిప్పితే మధ్య వరసలు పోతాయి. స్కాన్ నడుస్తుండగా పిల్లాడు కార్డు తిప్పితే కొత్త జవాబే పడుతుంది, అది మంచిదే. చేయకూడనిది ఒకటుంది: ఫోన్ స్క్రీన్‌ని ప్రొజెక్టర్‌కి మిర్రర్ చేయకండి. ఎవరిది తప్పో, ఎవరిది ఒప్పో ఫోన్‌లో పేరుతో సహా కనిపిస్తుంది. తెర మీదికి మాత్రం ల్యాప్‌టాప్ పేజీయే వెళ్లాలి. ప్రొజెక్టర్ లేదా? ప్రశ్న బోర్డు మీద రాసి ఫోన్ ఒక్కదానితో నడపండి. కరెంటు పోయినా ఆగదు, మొబైల్ డేటా ఉంటే చాలు.

ఇదంతా ఎందుకు, పిల్లలకి తలా ఒక ట్యాబ్ ఇచ్చే స్కూల్లో, స్క్రీన్ మీద జవాబు నొక్కే కహూట్ క్విజ్ యాప్ పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకోవచ్చు. నా గొడవంతా అక్కడే. కహూట్‌లో మామూలుగా ఒప్పు జవాబుకి 1000 పాయింట్ల దాకా వస్తాయి, వేగాన్ని బట్టి సగం వరకు తగ్గుతాయి. 20 సెకన్ల ప్రశ్నకి రెండో సెకనులో ఒప్పు నొక్కితే 950. పెన్సిల్‌తో లెక్క చేసి 18వ సెకనులో ఒప్పు నొక్కితే 550. ఇప్పుడు రెండు ఆప్షన్లు తీసేసి మిగతా రెండిట్లో ఏదో ఒకటి కొట్టేసే వాడిని చూడండి. రెండో సెకనులో గుడ్డిగా కొడితే సగటున 475 వస్తుంది. కష్టపడి లెక్క చేసినవాడికీ బొమ్మా బొరుసూ వేసినవాడికీ తేడా 75 పాయింట్లు! పిల్లలు మనకంటే తెలివైనవాళ్లు, రెండో వారానికే ఏది లాభమో కనిపెట్టేస్తారు. పైగా బెంగళూరు క్లాసులో ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, బడిలో ఇంగ్లీషు. ప్రశ్న చదవడానికే 8 సెకన్లు పట్టే పిల్లకి ఇది లెక్కల పరీక్ష కాదు, చదివే పందెం. దాన్ని వాడుతున్నవాళ్లు టైమర్ పెంచండి, లేకపోతే ప్రశ్నకి పాయింట్లు తీసేయండి, ఆ సెట్టింగ్ ఉంది. మన ఊళ్లోనే 2015లో పుట్టిన క్విజిజ్, 2025 నుంచి పేరు వేగ్రౌండ్, ఈ విషయంలో కాస్త నయం. ప్రశ్న ఎవరి స్క్రీన్ మీద వాళ్లకి వస్తుంది, ఎవరి వేగం వాళ్లది, టైమర్ ఆపేయొచ్చు. హోంవర్క్‌కి అదే ఇస్తాను. క్లాసులో మాత్రం 40 పరికరాలు, 40 చార్జింగులు, ఒక వైఫై. వద్దు బాబూ.

తెలుగు టీచర్ల కోసం ఇంకో మాట. టైప్ చేసే జవాబుల ప్రశ్నలు వచ్చే ఏ యాప్ అయినా సరే, తెలుగులో జాగ్రత్త. బెంగళూరులో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట ఏది అని అడిగారనుకోండి. ఒకరు లాల్‌బాగ్ అని, ఒకరు లాల్బాగ్ అని బని ల కింద ఒత్తుగా కలిపి, ఇంకొకరు మధ్యలో ఖాళీ ఇచ్చి కొడతారు. మొదటిదానిలో ల్ తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం ఉంటుంది, పొల్లు ఒత్తుగా మారకుండా ఆపేది అదే. అక్షరానికి అక్షరం పోల్చే యాప్‌కి ఇవి మూడు వేర్వేరు జవాబులు, ఒకదానికే మార్కు. 50ని అక్షరాల్లో రాయమంటే యాభై, యాబై, ఏభై. అవన్నీ జవాబుల జాబితాలో ముందే పెట్టుకోవాలి. ఆ కనిపించని అక్షరం తక్కువదేం కాదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న అక్షరం ఐఫోన్ యాప్‌లని కుప్పకూల్చింది గుర్తుందా? జ్ఞ తర్వాత, దీర్ఘానికి ముందు అదే దూరి కూర్చుంది. ఐఓఎస్ 11.2.6 వచ్చాక గానీ సర్దుకోలేదు. అలాగే కహూట్‌లో ప్రశ్నకి 120 అక్షరాల పరిమితి అంటే తెలుగులో చాలా తక్కువ. 'స్త్రీ' మనకి ఒక్క అక్షరం, కంప్యూటర్ లెక్కలో ఆరు. ప్లికర్స్‌లో పిల్లలు టైప్ చేసేదే లేదు కాబట్టి సగం తలనొప్పి అక్కడే పోయింది.

ఇప్పుడు నాకు ప్లికర్స్ ఎందుకు ఇంత నచ్చిందో చెప్తాను. ఎంతమందికి తప్పయిందో ఏ యాప్ అయినా చెప్తుంది. క్లాసు జరుగుతుండగా, కార్డులు ఇంకా చేతుల్లో ఉండగానే, ఎవరు ఏ తప్పు చేశారో ఇది నా చేతిలో పెడుతుంది. కానీ ఆ తప్పు ఆప్షన్‌ని మీరు సరిగ్గా రాస్తేనే. దశాంశాలు తీసుకోండి. 0.5, 0.35, 0.125లో ఏది పెద్దది? 30 మంది 0.5 చూపిస్తారు, మీరు సంతోషపడి తర్వాతి పాఠానికి వెళ్తారు. ఆగండి. చుక్క తర్వాత అంకెలు తక్కువుంటే సంఖ్య పెద్దది అని అపోహ పడిన పిల్లాడు కూడా 0.5 అనే చెప్తాడు. తప్పు ఆలోచనకి ఒప్పు పడింది.

అదే ప్రశ్నని ఇలా మార్చండి. ఎ 0.4, బి 0.65, సి 0.125, డి 'నాకు తెలీదు'. జవాబు 0.65. ఇప్పుడు సి చూపించినవాడు చుక్కని మర్చిపోయి 125 అని చదువుతున్నాడు. వాడితో మూడింటినీ 0.400, 0.650, 0.125 అని రాయించండి. ఎ చూపించినది పదో వంతు పెద్ద ముక్క, వెయ్యో వంతు చిన్న ముక్క అన్నంతవరకు సరిగ్గానే పట్టుకుంది, ముక్కలు ఎన్ని ఉన్నాయో చూడలేదు. ఆ పిల్లకి గళ్ల కాగితం మీద 10 గళ్లు అడ్డం, 10 నిలువు ఉన్న చదరాలు రెండు గీసి, ఒకదాంట్లో 40 గళ్లకి ఒక రంగు, రెండోదాంట్లో 65 గళ్లకి ఇంకో రంగు వేయించండి. ఒకటే ప్రశ్న, రెండు జబ్బులు, రెండు మందులు. డిలో 'నాకు తెలీదు' తప్పకుండా పెట్టండి. లేకపోతే తెలియనివాళ్లు ఊరికే బి తిప్పి మీ లెక్క చెడగొడతారు.

స్కాన్ అవగానే గ్రాఫ్ తెర మీద వేయకండి. ఎక్కువమంది ఏది చెప్పారో చూస్తే రెండోసారి అందరూ అటే తిప్పుతారు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టిన పద్ధతి ఒకటుంది: ఒప్పు చెప్పినవాళ్లు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటే జవాబు చెప్పకుండా, పక్కవాళ్లతో వాదించుకోమని రెండు నిమిషాలిచ్చి మళ్లీ ఓటు తీసుకోవడం. మన 40 మందిలో అంటే 12 నుంచి 28 మంది. 12 కంటే తక్కువైతే వాదించుకోవడానికి సరుకే లేదు, మళ్లీ పాఠం చెప్పండి. 28 దాటితే ముందుకి కదలండి. ఇలా నడిపితే 40 నిమిషాల పీరియడ్‌లో ఐదు ప్రశ్నలు గొప్ప. ఉచిత ఖాతాలో ప్రశ్నల మీద పరిమితి అని చాలామంది మూలుగుతారు గానీ, నాకది ఎప్పుడూ అడ్డనిపించలేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. వ్యాసరూప జవాబులు, ఖాళీలు పూరించడాలు దీనికి చేతకావు. ఇంటర్నెట్ అసలు లేని చోట కుదరదు. ఏడో తరగతి దాటిన పిల్లలకి కార్డు ఎత్తడం కొంచెం చిన్నతనంగా అనిపిస్తుంది. మూడు నుంచి ఏడు తరగతులకైతే మాత్రం కళ్లు మూసుకుని చెప్తాను, ఇదే తీసుకోండి.

క్లాసు జాబితా ఎక్కించేటప్పుడు రోల్ నంబర్, కార్డు నంబర్ ఒకటే ఉండేలా చూసుకోండి. ఆగస్టులో కొత్తగా ఎవరైనా చేరితే అక్షరక్రమంలో మధ్యలో దూర్చకండి, ఆ కిందున్న అందరి కార్డులూ మారిపోతాయి. ఆఖరి నంబర్ ఇవ్వండి. పిల్లల పూర్తి పేర్లు బయటి సర్వర్లో ఎందుకు అనుకుంటే, 18 ఏళ్లలోపు వాళ్ల డేటా గురించి 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉండనే ఉంది, పేరు బదులు 'రోల్ 17' అని కొట్టినా అంతా మామూలుగానే పనిచేస్తుంది. ఆ 17వ కార్డు ఎలాగూ ఎవరో ఒకరు పోగొడతారు. మొత్తం సెట్ మళ్లీ వేయించకండి, పీడీఎఫ్‌లో ఆ ఒక్క పేజీ తీయిస్తే చాలు. దాంతోపాటు ఇంకో కార్డు కూడా వస్తుంది, అది బీరువాలో పెట్టుకోండి. మ్యాట్ అట్ట మీదే తీయించండి.